డాబా మీద నీడ, దానికి గుంజలు
(నార్సింగిలో జరిగిన వేసవి ఆరోగ్య సదస్సులో నర్సింగ్ సిస్టర్ చేసిన ప్రసంగ పాఠం)



ఈ పుస్తకంలో నేను మామూలుగా ఓ.ఆర్.ఎస్. ఎలా కలుపుకోవాలి, పసిపిల్లలకు టీకాలు ఎప్పుడు వేయించాలి వంటి విషయాలు చెబుతూ ఉంటాను. ఈసారి గుంజలు పాతడం గురించి చెబుతానంటే సదస్సులో ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన నవ్వి, "సిస్టరమ్మా, మేస్త్రీ పని నీకెందుకమ్మా?" అన్నారు. ఆయన అడిగినదానిలో తప్పు లేదు. నేను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అలా అనుకోవడం వలన ఏం జరిగిందో ముందు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఏప్రిల్ నెలలో ఒక చెల్లెలు నలభై రోజుల పాపను ఎత్తుకుని వచ్చింది. భర్త ఇక్కడే ఒక నాలుగంతస్తుల ఇంటికి వాచ్‌మన్. వాళ్లకు ఇచ్చిన గది డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన. పైన సిమెంటు రేకులు, కింద ఎండకు కాగిన స్లాబు. పాపకు ఒళ్లంతా చెమటకాయలు, ఒళ్లు వెచ్చగా ఉంది. మాడు కొంచెం లోపలికి పోయింది. పొద్దున నుంచి రెండుసార్లే పాస్ పోసిందట. పసిబిడ్డ రోజుకు ఆరుసార్లయినా పోయాలి. పాపను వార్డులో ఉంచి డాక్టరుగారు చూశారు. తల్లిపాలే తరచుగా పట్టించాము. ఆరు నెలలు నిండని బిడ్డకు మంచినీళ్లు కూడా పట్టకూడదని తల్లికి చెప్పాము. మూడో రోజుకు పాప కోలుకుంది. ఇంటికి పంపేటప్పుడు ఆ తండ్రితో నేను, "గది మీద, ముందు జాగాలో ఏదైనా నీడ కట్టుకో తమ్ముడూ, మళ్లీ ఆ వేడిలో పడుకోబెట్టొద్దు" అన్నాను.

ఆ మాట తప్పు కాదు. కానీ సగం మాట. నీడ కట్టమన్నాను, దాన్ని దేనికి కట్టాలో చెప్పలేదు.

అతను కట్టాడు. ఇక్కడ చాలామంది చేసే పద్ధతిలోనే కట్టాడు. ఖాళీ పెయింటు డబ్బాలు నాలుగు తెచ్చి, ఒక్కొక్కదానిలో ఒక పైపు నిలబెట్టి, చుట్టూ కాంక్రీటు పోశాడు. నాలుగు పైపులకు నీలం తార్పాలిన్ గుంజి కట్టాడు. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. తార్పాలిన్ పొంగింది, ఒక డబ్బా పక్కకు జరిగింది. అతను పరుగెత్తి వెళ్లి పైపును కౌగిలించుకుని పట్టుకున్నాడు. గాలి అతన్నీ డబ్బానూ కలిపి పిట్టగోడ దాకా ఈడ్చింది. పిట్టగోడ నడుమెత్తు ఉండబట్టి కింద పడలేదు. డబ్బా తిరగబడి తొడ మీద పడింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్, రాడ్డు, ఆ తర్వాత నెలల తరబడి కర్ర సాయంతో నడక. గేటు దగ్గర నిలబడలేని వాచ్‌మన్‌కు జీతం ఎవరిస్తారు? ఆ చెల్లెలు పాపను చంకనేసుకుని అదే ఇంట్లో మెట్లు కడిగి, అంట్లు తోమి కుటుంబాన్ని నెట్టుకొచ్చింది. గది పోలేదు, అంతవరకు ఆ ఇంటివారు మంచివారే.

వార్డులో అతను నాతో ఒకటే అన్నాడు. "మీరు చెప్పినట్టే కట్టిన గదా సిస్టరమ్మా." నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ గుంజల సంగతి తెలిసినవారిని అడిగి నేర్చుకున్నాను.

ముందు నీడ అవసరమా అంటే, తప్పనిసరిగా అవసరం. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయినట్లు అప్పటి ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఇళ్ల పైకప్పులు చల్లగా ఉంచే కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. డబ్బు వస్తుంది, మనిషి రాడు. మన నార్సింగిలో ఒకవైపు కోకాపేట వరకు అద్దాల మేడలు లేచాయి. వాటిని కట్టేవారు, కాపలా కాసేవారు, ఊడ్చేవారు రేకుల గదుల్లోనూ డాబా గదుల్లోనూ ఉంటున్నారు. స్లాబు పగలంతా ఎండను మింగి రాత్రంతా కక్కుతుంది. బయట చల్లబడినా లోపల పిల్లలు నిద్రపోలేకపోవడానికి కారణం అదే. గుడ్డ నీడ గాలిలోని వేడిని తగ్గించదు. 42 డిగ్రీలుంటే నీడలోనూ గాలి 42 డిగ్రీలే. కానీ నేరుగా ఒంటి మీద, రేకు మీద, స్లాబు మీద పడే ఎండను అది ఆపుతుంది. సగం బాధ ఆ ఎండదే. గుడ్డకూ రేకుకూ మధ్య గాలి ఆడే సందు మాత్రం ఉండాలి. రేకు మీదనే పరిచేస్తే ఆ మేలులో చాలా భాగం పోతుంది.

మన పెద్దవారికి ఇది తెలియక కాదు. ఉగాది దాటగానే ఇంటి ముందు చలవ పందిరి వేసేవారు. సర్వి గుంజలో వెదురు బొంగులో నేలలో లోతుగా పాతి, పైన తాటాకు కప్పేవారు. ఆ పందిట్లోనే ముసలివారి మంచాలు, బాలింతల నులక మంచాలు ఉండేవి. గాలివాన వస్తే ఏమయ్యేది? ఆకులు రెండు మూడు ఎగిరిపోయేవి, కట్టిన తాడు తెగేది. గుంజ మాత్రం నేలలోనే ఉండేది. ముందు తెగవలసినది తాడు, ఆ తర్వాత ఆకు, చిట్టచివరికి గుంజ. ఇప్పుడు మనం దాన్ని తలకిందులు చేశాము. గుడ్డ గట్టిది, నైలాన్ తాడు ఇంకా గట్టిది, గుంజ మాత్రం డబ్బాలో నిలబడి ఉంటుంది.

దుకాణాల్లో ఇప్పుడు మూడు మూలలవి, నాలుగు మూలలవి తయారుగా కుట్టిన నీడ గుడ్డలు దొరుకుతున్నాయి. షేడ్ సెయిల్ అంటారు. సెయిల్ అంటే తెరచాప. మన గోదావరిలో ఇంజన్లు రాకముందు బరువు పడవలను ఏటికి ఎదురు నడిపించింది తెరచాపే. పడవను లాగగలిగిన గుడ్డను మనం డాబా మీద కడుతున్నామని ఆ పేరే చెబుతోంది.

లెక్క వేస్తే ఇలా ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి ఒక గుడ్డకు ఎదురుగా తగిలితే చదరపు మీటరుకు సుమారు 17 కిలోల బరువుతో తోస్తుంది. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల తార్పాలిన్ అంటే 16 చదరపు మీటర్లు. మొత్తం తోపు దాదాపు 270 కిలోలు, అంటే అయిదు సిమెంటు బస్తాల కంటే ఎక్కువ. 20 లీటర్ల పెయింటు డబ్బా నిండా కాంక్రీటు పోసినా 48 కిలోలే. నాలుగు డబ్బాలు కలిపి 200 కిలోలు కూడా లేవు. గాలి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. ఇంకొక సంగతి, గాలి లాగేది గుంజ పైకొనను. ఎనిమిది అడుగుల గుంజ అంటే ఎనిమిది అడుగుల గడ్డపార. గడ్డపారతో ఎంత పెద్ద బండనైనా పెకిలిస్తాము కదా. గుంజ మొదట్లోని బోల్టులను గాలి అలాగే పెకిలిస్తుంది. జల్లెడలాంటి గ్రీన్ నెట్ అయితే కొంత గాలి దూరిపోతుంది, తోపు తగ్గుతుంది. తార్పాలిన్ కంటే నెట్ మేలనడానికి అదొక కారణం. నెట్ కింద వేడిగాలి ఆగిపోకపోవడం ఇంకొకటి.

మరి గుంజను దేనికి బిగించాలి? ఇంటి ఎముకలకు. పిల్లర్లు, బీములే ఇంటి ఎముకలు. వాటి మధ్య ఉన్న స్లాబు పలకలాంటిది, ఇటుక పిట్టగోడ చర్మంలాంటిది. నాలుగంగుళాల పిట్టగోడకు గుంజను తీగతో కట్టేవారిని చూస్తే నాకు భయం. గోడ విరిగితే ఇటుకలు పడేది వీధిలో నడిచే పిల్లల నెత్తి మీద. నీళ్ల ట్యాంకు స్టాండుకు, డిష్ గొట్టానికి, సోలార్ హీటరు కాళ్లకు కూడా కట్టవద్దు. అవి వాటి బరువు మోయడానికే పెట్టినవి.

ఆ తమ్ముడు కర్ర వదిలి నడవడం మొదలుపెట్టాక, ఆ ఇంటి యజమానితో నేనే వెళ్లి మాట్లాడాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "స్లాబుకు రంధ్రాలు పెడితే వానకు కారుతుంది మేడం" అన్నారు. అది నిజమే, కారుతుంది. బేస్ ప్లేటు పెట్టి యాంకర్ బోల్టులు దిగగొట్టేటప్పుడు చుట్టూ వాటర్‌ప్రూఫ్ మందు సరిగా నింపకపోతే ఆ నీరు లోపలి ఊచలను తుప్పు పట్టిస్తుంది. ఇంకా పెద్ద ప్రమాదం, స్లాబులో కింది గది ఫ్యాన్లకు, లైట్లకు వెళ్లే కరెంటు పైపులు దాగి ఉంటాయి. డ్రిల్లింగ్ బిట్టు వాటికి తగిలితే పట్టుకున్నవాడికి షాకే. రంధ్రం పెట్టక తప్పనిచోట బీము మీదనే పెట్టించండి, కింది అంతస్తు మెయిన్ ఆపించండి, పనివాడికి కళ్లద్దాలు ఇవ్వండి. డ్రిల్లింగ్ పొడి కంట్లో పడి నలుపుకుని నల్లగుడ్డు గీరుకుపోయినవారు ప్రతి వేసవిలో మా దగ్గరకు వస్తారు. పడితే నలపకూడదు, ధారగా మంచినీళ్లతో కడిగి డాక్టరుకు చూపించాలి.

రంధ్రం లేని దారి మేస్త్రీ చూపించాడు. మీరు గమనించే ఉంటారు, మన ఇళ్లలో సగానికి డాబా మీద పిల్లర్ ఊచలు నిలబడి ఉంటాయి, ఎప్పుడో ఇంకో అంతస్తు వేస్తామనే ఆశతో. (ఆ ఊచల కొనలకు ఏదైనా తొడుగు వేయండి. ఖాళీ ప్లాస్టిక్ సీసా అయినా సరే. ఆటల్లో తూలిపడిన పిల్లల కళ్లకు అవి బల్లేల్లాంటివి.) ఆ ఇంట్లోనూ ఊచలు ఉన్నాయి. తుప్పు గీకించి, తినేసిన ఊచలు ఏవో చూసుకుని, నాలుగు పిల్లర్ల మీద అడుగు చదరం, రెండడుగుల ఎత్తు దిమ్మెలు పోశారు. దిమ్మె పోసేటప్పుడే జె బోల్టులు నాలుగేసి అందులో నిలబెట్టారు. పది రోజులు గోనెసంచులు చుట్టి రోజూ తడిపారు. ఈ పది రోజులు ఆగడమే మనవారికి కష్టం. పోసిన మర్నాడే గుడ్డ గుంజితే దిమ్మె పచ్చిగానే పగులుతుంది. ఆ చెల్లెలే పొద్దునా సాయంత్రం తడిపింది.

తర్వాత బేస్ ప్లేటు వెల్డింగు చేసిన మూడంగుళాల జి.ఐ. పైపులు ఆ బోల్టుల మీద కూర్చోబెట్టి నట్లు బిగించారు. పైపు కొనేటప్పుడు దాని మీద రంగు గీత చూడండి. పసుపు గీత పల్చని రకం, నీలం మధ్యరకం, ఎరుపు గట్టి రకం. పసుపు గీతది చవకని తీసుకోవద్దు. గుడ్డ కంటే గుంజలకే ఎక్కువ ఖర్చవుతుంది, అలా అయితేనే సరిగా కట్టినట్లు. మీ గుడ్డ పెద్దదైతే, లేక ఇల్లు పాతదైతే మేస్త్రీ మాటతో సరిపెట్టుకోకుండా ఇంజనీరును పిలిచి చూపించుకోండి.

పైపులు ఇరవై అడుగుల పొడవు వస్తాయి. దయచేసి వాటిని వీధిలో నుంచి తాడు కట్టి డాబా మీదికి లాగవద్దు. మన సందుల్లో 11 కె.వి. తీగలు ఇళ్లను ఒరుసుకుని పోతున్నాయి. ఆ తీగ నుంచి కట్టడానికి పక్కకు కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఎడం ఉండాలని నిబంధన. కానీ చేతిలో ఊగే పైపుకు నిబంధన తెలియదు. కింద నేల మీదనే కొలత ప్రకారం కోయించి, మెట్ల మీదుగా తీసుకురండి. తీగ మరీ దగ్గరగా ఉంటే అక్కడ గుంజ వద్దు. 1912కు ఫోన్ చేసి విద్యుత్ శాఖవారితో మాట్లాడండి. ఎవరికైనా షాక్ తగిలితే ముందు కరెంటు ఆపాలి, తగిలిన మనిషిని పట్టుకోకూడదు. ఎండుకర్రతో నెట్టడం ఇంట్లో కరెంటుకు పనికి రావచ్చు, 11 కె.వి. తీగ దగ్గర కర్ర కూడా కాపాడదు, దూరంగా ఉండాలి. షాక్ తిన్న మనిషి లేచి నవ్వుతూ నడిచినా ఆసుపత్రికి తీసుకొచ్చి ఇ.సి.జి. తీయించాలి.

గుడ్డ కట్టడంలో రెండు సంగతులు నాకు కొత్తగా తెలిశాయి. నాలుగు గుంజలూ ఒకే ఎత్తు ఉండకూడదట. ఎదురెదురు మూలలు రెండు ఎత్తుగా, మిగిలిన రెండు మూలలు పల్లంగా ఉంటే గుడ్డ మెలితిరిగి బిగుస్తుంది, గాలికి టపటప కొట్టుకోదు. తార్పాలిన్ అయితే వాన నీరు నిలవకుండా జారిపోతుంది. 16 చదరపు మీటర్ల గుడ్డ మీద రెండు సెంటీమీటర్ల నీరు నిలిస్తే 320 కిలోలు. అది గది మీదకు దిగిందనుకోండి. రెండోది, మూలను నేరుగా గుంజకు ముడివేయకుండా అడుగు జాగా వదిలి, టర్న్ బకిల్ అనే మర బిగింపు పెట్టారు. వదులైనప్పుడు తిప్పి బిగించవచ్చు. గుడ్డను తొందరగా దించడానికి కొక్కేలూ ఉన్నాయి. ఒక మూలకు మాత్రం మామూలు తాడే కట్టించాను. మరీ పెద్ద గాలి వస్తే ముందు ఆ తాడు తెగాలి. మేస్త్రీ నవ్వాడు గానీ, తాటాకు పందిరి చూసి పెరిగినవాడు, కాదనలేదు.

నేల మీద, వాకిట్లో కట్టుకునేవారు గుంజ పొడవులో కనీసం నాలుగో వంతు, మెత్తటి నేలైతే మూడో వంతు భూమిలో ఉండేలా పాతి కాంక్రీటు పోయండి. గుంజను గుడ్డ లాగే దిక్కుకు ఎదురుగా, బయటి వైపుకు కొంచెం వాల్చి పాతాలి. బిగించాక అదే నిటారుకు వస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. గాలి లేచాక డాబా మీదికి వెళ్లవద్దు. ఆకాశం నల్లబడుతుండగానే, ఇంకా గాలి రాకముందే గుడ్డ దించేయండి. పిడుగుల హెచ్చరికకు దామిని అనే యాప్ ఉంది, ఫోన్లో పెట్టుకోండి. దించడం ఆలస్యమైతే గుడ్డను వదిలేయండి. చినిగితే చినగనీయండి, ఎగిరితే ఎగరనీయండి. ఇనుప గుంజను పట్టుకుని పిడుగుల్లో నిలబడే మనిషికి ఏ ఆసుపత్రీ భరోసా ఇవ్వలేదు.

ఒకవేళ ఎవరైనా పైనుంచి పడితే కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో కుక్కవద్దు. 2005 నుంచి మనకు 108 ఉంది. అది వచ్చేదాకా తల, మెడ కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకుని కూర్చోండి. నోట్లో నీళ్లు పోయవద్దు. రక్తం కారే చోట శుభ్రమైన బట్టతో గట్టిగా నొక్కి పట్టండి. వడదెబ్బ తగిలి మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, 108కు ఫోన్ చేసి, అది వచ్చేలోగానే నీడలో పడుకోబెట్టి ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరడం మొదలుపెట్టండి. జ్వరం మాత్ర దానికి పని చేయదు. స్పృహ సరిగా లేనివారికి తాగడానికి ఏమీ ఇవ్వకూడదు.

ఆ ఇంటికి మే నెలలో ఒకసారి వెళ్లి చూశాను. మధ్యాహ్నం మూడు గంటలకు గది ముందు స్లాబు మీద అరచేయి ఆనించి ఉంచగలిగాను. నీడ దాటి అవతల ఆనించలేకపోయాను. పాప నెట్ కింద తడి గోనె మీద కూర్చుని గిన్నెలతో ఆడుకుంటోంది. తండ్రి కొంచెం కుంటుతూ వచ్చి నట్లు చూపించాడు. నెలకొకసారి స్పానరు పెట్టి చూస్తున్నాడట.

మృగశిర కార్తె రాగానే గుడ్డ దించి, ఆరబెట్టి, మడతపెట్టి అటక మీద పెట్టారు. గుంజలు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు వాటికి తాడు కట్టి నాలుగంతస్తులవాళ్లూ బట్టలు ఆరేసుకుంటున్నారట. తడి దుప్పట్లు, బొంతలు కూడా వేస్తున్నారని ఆ చెల్లెలు ఫిర్యాదు. నాకైతే ఫరవాలేదు. పిట్టగోడ వైపున్న గుంజలకు మాత్రం తాడు కట్టవద్దని, బట్టల కోసం పిల్లలు అటు వంగుతారని చెప్పి పంపాను.